నాన్నగారి పాత ల్యాప్‌టాప్‌కు ముందు డిస్క్, ఆ తర్వాత లినక్స్

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందు చెప్పేస్తాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. 2013లో కొన్న ల్యాప్‌టాప్. మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. బటన్ నొక్కిన తర్వాత వాడుకోవడానికి వీలయ్యేసరికి పది నిమిషాలు. దుకాణంలో చూపిస్తే ఇక దీనిలో ఏమీ లేదు, కొత్తది కొనుక్కోండి అన్నారు. మీ నాన్నగారు ఉద్యోగ విరమణ తర్వాత దీని మీదే పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ పేరున్న తెలుగు ఫాంట్లతో ఒక సాహిత్య మాసపత్రిక పేజీలు తయారు చేస్తున్నారు. ఇంటర్ చదివే మీ అమ్మాయి పాఠాలు వినడానికి వాడుతుంది. హార్డ్ డిస్క్ బదులు చవకగా ఒక ఎస్‌ఎస్‌డి (చిప్‌లతో చేసిన డిస్క్) వేసి, విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో అన్నిటికంటే తేలికైనది ఎక్కిస్తే బాగుపడుతుందా, ఆ తేలికైనది ఏది అని అడిగారు.

పారేయకండి, బాగుపడుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. మీ యంత్రానికి తోబుట్టువుల్లాంటివి మా దగ్గర ఇప్పటికీ రోజూ పనిచేస్తున్నాయి. అయితే మీరు అడిగిన రెండు సంగతుల్లో మొదటిదానికి ఉన్న విలువ రెండోదానికి లేదు. అన్నిటికంటే తేలికైన లినక్స్ కోసం వెతుకుతూ వారం రోజులు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మొదట నేనూ ఆ జాబితాలోనే ఉండేవాణ్ని. పైగా మీ నాన్నగారి పని లినక్స్‌లో సాగేది కాదు. దానికి వేరే దారి ఉంది, కింద చెబుతాను.

ముందు రోగం ఎక్కడుందో మీ కళ్లతో చూడండి. ల్యాప్‌టాప్ మొదలై కిందామీదా పడుతున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ప్రాసెసర్ వరుసలో ఇరవై శాతమో ముప్పై శాతమో ఉండి, డిస్క్ వరుసలో మాత్రం 100 శాతం ఎర్రగా నిలబడిపోయి ఉంటే జబ్బు డిస్క్‌ది. మీ వర్ణనను బట్టి అదే అయి ఉంటుంది.

ఎందుకో చెబుతాను, ఇది తెలిస్తే మిగతా నిర్ణయాలన్నీ సులభం. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 చుట్లు, ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. దానికి ముందు ఆ సూది సరైన వలయం దగ్గరికి జరగాలి, అదొక పన్నెండు మిల్లీసెకన్లు. రెండూ కలిపితే ఇలాంటి చిన్న చిన్న పనులను అది సెకనుకు అరవై, డెబ్బైకి మించి చేయలేదు. పెద్ద సినిమా ఫైలును వరుసగా చదవమంటే సెకనుకు వంద ఎంబీ దాకా లాగుతుంది, అప్పుడు దానికి నొప్పేమీ లేదు. కానీ విండోస్ మొదలవడమంటే ఎక్కడెక్కడో చెదిరిన వేల చిన్న ఫైళ్లను ఏరుకోవడం. ఆ సమయంలోనే నవీకరణల తనిఖీ, వైరస్ తనిఖీ, వెతుకులాటకు సూచిక తయారు చేసే పని, అన్నీ ఒకేసారి అదే సూదిని తలో వైపు లాగుతాయి. ఎస్‌ఎస్‌డిలో తిరిగేది, జరిగేది ఏదీ లేదు. ఎంత చవక రకమైనా ఆ చిన్న పనులను సెకనుకు వేలల్లో చేస్తుంది. వరుసగా చదివే వేగంలో తేడా ఐదు రెట్లే. మనిషికి అనుభవంలోకి వచ్చే తేడా మాత్రం వందల రెట్లున్న ఈ చిన్న పనుల్లోనిది. అందుకే ఖరీదైన ఎస్‌ఎస్‌డికి, మామూలు ఎస్‌ఎస్‌డికి మధ్య తేడా మీకు కనిపించదు కానీ, హార్డ్ డిస్క్‌కు, మామూలు ఎస్‌ఎస్‌డికి మధ్య తేడా ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. పాత హార్డ్ డిస్క్ మీదే లినక్స్ ఎక్కించి, లినక్స్ కూడా నెమ్మదే అని తిట్టుకునేవాళ్లు చేసిన పొరపాటు ఇక్కడే ఉంది.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పావుగంట పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్‌ను బల్లపరుపుగా ఉన్న చోట పెట్టి చూడండి. ఒక మూల లేచినా, టచ్‌ప్యాడ్ ఉబ్బెత్తుగా ఉండి నొక్కుడు పడకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అలా ఉంటే మిగతా పనులన్నీ ఆపి ముందు దాన్ని తీయించండి, పొరపాటున కూడా గుచ్చవద్దు. బ్యాటరీ లేకుండా చార్జర్ మీదే ఈ తరం ల్యాప్‌టాప్‌లు చాలావరకు నడుస్తాయి. కరెంటు పోతే ఆగిపోతుంది, అంతే. తర్వాత తేదీ చూడండి. మొదలుపెట్టిన ప్రతిసారీ తేదీ పదేళ్లు వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీద ఉన్న నాణెం బ్యాటరీ అయిపోయింది. ఎక్కువ వాటిలో సీఆర్2032 ఉంటుంది, గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ తేదీ తప్పితే బ్రౌజరులో ఏ సైటూ తెరుచుకోదు, భద్రతా హెచ్చరికలు వస్తాయి. ఇంటర్నెట్ పాడైందని, వైరస్ అని దీనికి వేరే వైద్యాలు చేయించుకున్నవాళ్లు ఉన్నారు. తెరకూ శరీరానికీ మధ్య కీలు విరిగి, తెర మీద గీతలు కూడా పడి ఉంటే మాత్రం అప్పుడు దుకాణంవాళ్ల మాటే నిజం. ఆ మరమ్మతు ఖర్చుకు సెకండ్ హ్యాండ్‌లో ఇంతకంటే మంచిది వస్తుంది.

ఇక ఎస్‌ఎస్‌డి. మీకు కావలసింది రెండున్నర అంగుళాల సాటా రకం (మీ హార్డ్ డిస్క్ తగిలించి ఉన్న కనెక్షన్ పేరే సాటా), 7 మిల్లీమీటర్ల మందం. ఇప్పుడు దుకాణాల్లో ముందుగా చూపించే చిన్న కర్రముక్కలాంటి ఎన్‌వీఎంఈ మీ ల్యాప్‌టాప్‌లో పట్టదు, ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దు. మూడో తరం ఐ3 ఉన్న ల్యాప్‌టాప్‌లలో ప్రధాన డిస్క్ గది సాధారణంగా సెకనుకు 6 గిగాబిట్ల సాటాయే, కాబట్టి సెకనుకు 500 ఎంబీ పైన వేగం అందుతుంది. ఇంకా పాతదైన కోర్ 2 డుయో యంత్రాలలో 3 గిగాబిట్లే ఉంటుంది. అక్కడ సగం వేగమే వచ్చినా పైన చెప్పిన చిన్న పనుల లెక్క మారదు కాబట్టి అక్కడ కూడా వేసుకోవచ్చు.

పరిమాణం 240 జీబీ చాలు. 120 జీబీ తీసుకోవద్దు, ధరలో పెద్ద తేడా ఉండదు, ఏడాదిలో ఇరుకైపోతుంది. 2023లో నేను 240 జీబీవి 1,500 రూపాయల లోపే తెచ్చాను. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు లోకమంతా ఎగబాకాయి, కాబట్టి ఆ ధర ఇప్పుడు ఆశించకండి. పేరున్న కంపెనీది, మూడేళ్ల వారంటీ ఉన్నది, బిల్లుతో తీసుకోండి. మీరు హైదరాబాద్ వైపు ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోట, నాలుగు దుకాణాలు తిరిగితే ధర తేలిపోతుంది. పేరు విననివి, 2 టీబీ వెయ్యి రూపాయలకే అంటూ ఆన్‌లైన్‌లో కనిపించేవి ముట్టుకోవద్దు. వాటిలో చాలావరకు లోపల చిన్న మెమరీ చిప్ పెట్టి, పరిమాణం మాత్రం పెద్దదిగా అబద్ధం చెప్పేలా మార్చినవి. నింపుతూ పోతే ఒక హద్దు దాటాక పాత ఫైళ్ల మీదే కొత్తవి పడిపోతాయి, చాలా రోజుల దాకా మనకు తెలియదు. అనుమానం ఉంటే లినక్స్‌లో ఎఫ్3 అనే ప్రోగ్రాము ఉంది, డిస్క్ నిండా రాసి తిరిగి చదివి నిజం చెబుతుంది.

ర్యామ్ గురించి మీరు అడగలేదు కానీ ఎస్‌ఎస్‌డి తర్వాత రెండో రూపాయి పెట్టవలసింది అక్కడే. 2013లో వచ్చినవాటిలో చాలావాటికి ర్యామ్ గదులు రెండు, ఒకదానిలో 4 జీబీ, రెండోది ఖాళీ. ఖాళీగా ఉంటే అందులో ఇంకొక 4 జీబీ పెట్టండి. మీది డీడీఆర్3 రకం, ల్యాప్‌టాప్ సైజు, 204 పిన్నులు. ఇందులో 1.5 వోల్టులదీ, 1.35 వోల్టులదీ రెండు రకాలున్నాయి. స్టిక్కరు మీద పీసీ3 అని ఉంటే మొదటిది, పీసీ3ఎల్ అని ఉంటే రెండోది. మూడో తరం ప్రాసెసర్లతో మామూలుగా రెండూ పనిచేస్తాయి. నాలుగో తరం వచ్చాక చాలా ల్యాప్‌టాప్‌లు 1.35 వోల్టులదే అడుగుతాయి. కాబట్టి ఎందుకైనా మంచిది, ఎల్ ఉన్నదే కొనండి. ర్యామ్ మాత్రం పాతది కొనడానికి నేను వెనుకాడను. అరిగిపోయే వస్తువు కాదు, రాత్రంతా మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్ష నడిపి ఒక్క తప్పు కూడా రాకపోతే చాలు. పాత ఎస్‌ఎస్‌డి మాత్రం కొనవద్దు, అది అరిగే వస్తువే.

ఇప్పుడు నాన్నగారి సంగతి. ఈ జవాబు ఇంత పొడుగవడానికి కారణం అదే.

పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. దాని తర్వాత ఇంకొక పెద్ద సంచిక రాలేదు. అయినా తెలుగు డీటీపీ (కంప్యూటర్ మీద పేజీల కూర్పు) లోకంలో దాని మీద, అను ఫాంట్ల మీద చేతులు స్థిరపడినవాళ్లు వేలల్లో ఉన్నారు. అను పద్ధతిలో తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే ప్రమాణంలో ఉండవు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షర ఖండాలను కూర్చోబెట్టారు. అందుకే ఆ ఫాంట్ లేని యంత్రంలో తెరిస్తే మీ నాన్నగారు కూర్చిన పద్యం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్పగా కనిపిస్తుంది. లినక్స్‌లో వైన్ అనే పొర మీద పేజ్‌మేకర్‌ను నడిపించే ప్రయత్నాలు చేశాను. తెరుచుకుంటుంది, టైపు చేస్తుంటే ఎక్కడో ఒకచోట మొరాయిస్తుంది. నెలాఖరున పత్రిక ముద్రణకు వెళ్లవలసిన మనిషి చేతికి అలాంటిది ఇవ్వకూడదు. ఇరవై ఏళ్ల అలవాటును మార్చుకోండి, లినక్స్‌లో పేజీలు కూర్చే స్క్రైబస్ నేర్చుకోండి అని ఆయనకు చెప్పడం కూడా నాకు ఇష్టం లేదు. ఆయన పని ఆగకూడదు, అది మొదటి షరతు.

కాబట్టి పాత హార్డ్ డిస్క్‌ను తుడిచేయవద్దు. అందులోని విండోస్, పేజ్‌మేకర్, ఫాంట్లు, ఆయన ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. మీ ల్యాప్‌టాప్‌లో సీడీ, డీవీడీ పెట్టే డ్రైవు ఉండి ఉంటుంది. దాన్ని చివరిసారి ఎప్పుడు వాడారో గుర్తు తెచ్చుకోండి. అది తీసేసి, ఆ గదిలో హార్డ్ డిస్క్‌ను కూర్చోబెట్టే కేడీ అనే చట్రం దొరుకుతుంది, ఐదు వందల లోపే. డీవీడీ డ్రైవు మందం కొలిచి కొనాలి. 12.7 మిల్లీమీటర్లు, 9.5 మిల్లీమీటర్లు అని రెండు కొలతల్లో వస్తాయి, ఒకటి రెండోదానిలో పట్టదు. ప్రధాన గదిలో కొత్త ఎస్‌ఎస్‌డి, కేడీలో పాత డిస్క్. ఈ క్రమం మార్చవద్దు, డీవీడీ గదికి వెళ్లే సాటా దారి చాలా యంత్రాల్లో తక్కువ వేగానిది. రోజువారీగా ల్యాప్‌టాప్ లినక్స్‌లో మొదలవుతుంది. నాన్నగారికి పేజ్‌మేకర్ కావలసినప్పుడు మొదట్లో ఎఫ్12 నొక్కి పాత డిస్క్‌ను ఎంచుకుంటారు. కంపెనీని బట్టి అది ఎఫ్9 కావచ్చు, ఎస్కేప్ కావచ్చు. పాత నెమ్మది పాతదే, కానీ ఆయనకు ఆ పని వరకే. కొన్ని మోడళ్లలో బయోస్ (బటన్ నొక్కగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాము) డీవీడీ గదిలోని డిస్క్ నుంచి మొదలవడానికి ఒప్పుకోదు. కాబట్టి మీ మోడల్ పేరుతో ఎవరైనా ఇలా చేశారేమో వెతికి, ఆ తర్వాతే కేడీ కొనండి.

ఆ విండోస్‌కు ఇంటర్నెట్ ఇవ్వకండి. విండోస్ 10కు మామూలు భద్రతా నవీకరణలు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు అదనపు గడువు ఇచ్చినా అది 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11 మీ ప్రాసెసర్‌ను అధికారికంగా ఒప్పుకోదు, అది ఎనిమిదో తరం నుంచి మొదలు. పేజ్‌మేకర్‌కు నెట్ అవసరమే లేదు, వైఫై ఆపేసి వాడితే సరిపోతుంది. తయారైన పేజీలను లినక్స్‌లోకి వచ్చి పంపవచ్చు, పాత డిస్క్ అక్కడ నుంచి కనిపిస్తూనే ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయాన్ని ఆపేయాలి. అది ఉన్నంతకాలం విండోస్ పూర్తిగా మూతపడదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్ ఆ డిస్క్‌ను చదవడానికే తెరుస్తుంది, రాయనివ్వదు. డిస్క్ పాడైందని కంగారుపడకండి.

వీటన్నిటికంటే ముందు ఆ పాత డిస్క్ ఆరోగ్యం తెలియాలి. పదేళ్లు దాటిన హార్డ్ డిస్క్‌ను నమ్మి ఆయన ఫైళ్లన్నీ దానిలోనే ఉంచడం సాహసం. డిస్క్ తన లెక్కలు తానే రాసుకుంటుంది, దాన్ని స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత పరికరం ఆ లెక్కలు చూపిస్తుంది. అన్నీ చదవనక్కరలేదు. 5వ నంబరు వరుస, పాడైన చోట్లకు బదులు వేరే చోట్లు ఎన్ని వాడిందో చెబుతుంది. 197, చదవలేక పెండింగులో పెట్టిన చోట్లు ఎన్నో చెబుతుంది. మన పరికరం ఆ అంకెలను పదహారు ఆధారంగా చూపిస్తుంది కాబట్టి అన్నీ సున్నాలేనా కాదా అన్నదే చూడండి. 197లో సున్నా కానిది ఏది ఉన్నా మిగతా పనులన్నీ ఆపి, ముందు ఫైళ్లను వేరే చోటికి కాపీ చేయండి. అను ఫాంట్లు, దాని స్థాపన ఫైళ్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు, వాటిలో వాడిన బొమ్మలు, ఏవీ వదలకుండా.

విప్పడం గురించి రెండు మాటలు చాలు. చార్జర్ తీసి, బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ను ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోండి. ప్లస్ స్క్రూడ్రైవర్ మంచిది కొనండి, అరిగినదానితో తిప్పితే స్క్రూ తల నున్నగా అయిపోయి ఇక రాదు. విప్పిన స్క్రూలను గుడ్ల అట్టలో వరుసగా పెట్టండి. ఇది నవ్వడానికి చెప్పడం లేదు. పొడుగు స్క్రూను పొట్టి స్క్రూ చోట బిగిస్తే, మణికట్టు ఆన్చే చోట ప్లాస్టిక్‌ను చీల్చుకుని పైకి వస్తుంది. విప్పారు కాబట్టి ఫ్యాన్ దగ్గర పేరుకున్న దుమ్మును మెత్తని కుంచెతో తీసేయండి. ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి.

లినక్స్ ఎక్కించేటప్పుడు యంత్రంలో ఎస్‌ఎస్‌డి ఒక్కటే ఉండాలి, పాత డిస్క్ బల్ల మీద ఉండాలి. ఇది నా సలహా కాదు, నా శిక్ష. 2019లో ఒక సహోద్యోగి యంత్రంలో రెండు డిస్క్‌లు ఉండగానే ఎక్కించడానికి కూర్చున్నాను. మాటల్లో పడి, జాబితాలో మొదట ఉన్నదే కొత్తదనుకుని సరే అన్నాను. వాళ్ల ఇంటి పెళ్లి ఫోటోలున్న డిస్క్ అది. ఫోటోరెక్ అనే పరికరంతో మూడు రోజులు కూర్చుని చాలావరకు వెనక్కి తీశాను కానీ పేర్లు, తేదీలు, ఫోల్డర్లు అన్నీ పోయాయి. ఏది ముహూర్తం ఫోటోనో, ఏది అప్పగింతల ఫోటోనో ఆవిడే కూర్చుని వేరు చేసుకున్నారు. ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ. అప్పటి నుంచి రెండో డిస్క్ తీయకుండా నేను ఏదీ ఎక్కించను.

ఏ లినక్స్ అంటే, లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన తెర అమరిక ఉన్న రకం. 22 వరుస తీసుకోండి. అది ఉబుంటు అనే ఇంకో లినక్స్ 24.04 సంచిక మీద కట్టినది, 2029 దాకా నవీకరణలు ఉంటాయి. అంతకంటే తేలికైనవి లేవా? ఉన్నాయి. యాంటీఎక్స్ అనే లినక్స్ ఖాళీగా ఉన్నప్పుడు నా దగ్గర 300 ఎంబీ లోపే ర్యామ్ తీసుకుంది. లుబుంటు అనేది దానికీ మింట్‌కూ మధ్యలో ఉంటుంది. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ 800, 900 ఎంబీ దాకా తీసుకుంటుంది. ఆ ఆరు వందల ఎంబీ తేడా ఎంతటిదో తెలుసుకోవాలంటే బ్రౌజరులో మూడు నాలుగు పేజీలు తెరవండి. అక్కడ కరిగిపోతుంది. ఇప్పటి బరువంతా బ్రౌజరుది, కింద ఏ లినక్స్ ఉన్నా బ్రౌజరు అదే. ఆ కాస్త ఆదా కోసం, ప్రింటరు పెట్టుకోవడానికీ వైఫై మార్చుకోవడానికీ ప్రతిసారీ మీకు ఫోను చేయవలసిన వ్యవస్థను ఇంట్లోవాళ్లకు ఇస్తే, మూడో వారానికి వాళ్లు దాన్ని మూసి పక్కన పెడతారు. తేలికపాటి వాటి చోటు వేరే ఉంది. 2 జీబీ ర్యామ్‌తో, అది పెంచే వీలు లేకుండా ఉన్నవాటికి యాంటీఎక్స్ నిజంగా ప్రాణదాత. 32 బిట్ ప్రాసెసర్ ఉన్నవాటికీ అంతే. పెద్ద పేరున్నవి చాలావరకు 32 బిట్‌ను వదిలేశాయి. క్రోమ్ 2016లోనే 32 బిట్ లినక్స్‌ను వదిలేసింది, డెబియన్ అనే లినక్స్ 2025లో వచ్చిన 13వ సంచికతో 32 బిట్ ఇన్‌స్టాలర్‌ను ఆపేసింది. మీది 64 బిట్, ఆ బెంగ లేదు.

స్నేహితుల కంప్యూటర్‌లో మింట్ ఫైలు దించుకుని, రూఫస్ లేదా ఎచర్ అనే ప్రోగ్రాముతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెడితే ఏదీ ఎక్కించకుండానే వ్యవస్థంతా నడుస్తుంది. అప్పుడే వైఫై, శబ్దం, కెమెరా, తెర వెలుతురు మీటలు, మూత మూస్తే నిద్రపోయి లేవడం, అన్నీ చూసుకోండి. వైఫై కనిపించకపోతే చిప్ బ్రాడ్‌కామ్‌ది కావచ్చు, దానికి డ్రైవరు విడిగా తెచ్చుకోవాలి. డ్రైవరు తేవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవరు కావాలి. ఈ చిక్కుముడికి విరుగుడు మీ జేబులోనే ఉంది. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తనకు కావలసింది తానే వెతుక్కుంటుంది. ఇన్‌స్టాలరుకు ఎస్‌ఎస్‌డి అసలు కనిపించకపోతే బయోస్‌లోకి వెళ్లి, సాటా పద్ధతి రెయిడ్ అని ఉంటే ఏహెచ్‌సీఐ చేయండి. అయితే పాత డిస్క్‌లోని విండోస్ దీని తర్వాత మొదలవకుండా నీలి తెర చూపవచ్చు. ఆ మార్పుకు ముందు విండోస్‌ను ఒకసారి సేఫ్ మోడ్‌లో మొదలయ్యేలా పెట్టుకుంటే మామూలుగా సర్దుకుంటుంది.

ఎక్కాక ఎస్‌ఎస్‌డి కోసం ప్రత్యేకంగా చేయవలసినవంటూ చెప్పే పాత చిట్కాలను పట్టించుకోకండి. తుడిచిన చోట్లు ఖాళీ అని డిస్క్‌కు తెలియజేసే ట్రిమ్ పని మింట్‌లో వారానికోసారి దానంతట అదే జరుగుతుంది.

అమ్మాయి పాఠాల విషయంలో ఒక్కటి చేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 రకాల్లో వీడియో పంపిస్తుంది. మీ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగానికి ఆ రెండూ తెలియవు. యూట్యూబ్ పంపే రకాల్లో హెచ్.264 ఒక్కటే సొంతంగా విప్పగలదు. తెలియని రకం వస్తే భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ గోల పెడుతుంది, వీడియో తడబడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో హెచ్264ఐఫై అనే పొడిగింపు చేరిస్తే యూట్యూబ్ పాత రకాన్నే పంపుతుంది. 720 దగ్గర పాఠం హాయిగా సాగుతుంది. ఏదైనా కోచింగ్ సంస్థ తన పరీక్షలకు విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టిందేమో మాత్రం ముందే కనుక్కోండి. ట్యాలీ, డిజిటల్ సంతకాల టోకెన్ల మీద ఆధారపడే ఇళ్లకు కూడా నేను లినక్స్ ఒక్కటే పెట్టమని చెప్పను.

తెలుగుకు లోటు లేదు. యూనికోడ్ తెలుగు లినక్స్‌లో చక్కగా కనిపిస్తుంది. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. మండలి, రామభద్ర, సురవరం, గిడుగు లాంటివి గూగుల్ ఫాంట్స్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. టైపింగుకు ఐబస్ అనే ప్రోగ్రాము, దానితోపాటు ఎం17ఎన్ అనే కట్ట పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్, ఇంకా కొన్ని అమరికలు వస్తాయి. ఆ జాబితాలో యాపిల్ పేరుతో ఒక తెలుగు అమరిక కూడా ఉంటుంది. నాన్నగారి చేతికి అలవాటైన మీటలకు అది ఎంత దగ్గరో ఆయనే పది నిమిషాలు కొట్టి చూసి చెప్పాలి. నచ్చితే పత్రికకు వచ్చే ఉత్తరాలకు జవాబులు, సంపాదకీయాలు లిబ్రేఆఫీస్‌లో యూనికోడ్‌లో రాసుకుంటారు, పేజీల కూర్పు మాత్రం పేజ్‌మేకర్‌లో చేసుకుంటారు. నచ్చకపోతే బలవంతం లేదు, ఎఫ్12 ఉంది.

ప్రింటరు ఏదో మీరు రాయలేదు. మనవైపు ఇళ్లలో, జిరాక్సు దుకాణాల్లో ఎక్కువగా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 అయితే, అది మామూలు ముద్రణ భాషలను కాక క్యాప్ట్ అనే సొంత భాషను వాడుతుంది. లినక్స్‌లో దాన్ని మాట్లాడించడానికి కొంత కుస్తీ పట్టాలి. హెచ్‌పీ వాటిలో ఎక్కువ భాగం తగిలించగానే పలుకుతాయి.

బ్యాకప్ గురించి ఒక హెచ్చరిక. హార్డ్ డిస్క్ చనిపోయే ముందు చాలాసార్లు టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తుంది, నెమ్మదిస్తుంది, సమయం ఇస్తుంది. ఎస్‌ఎస్‌డి చాలాసార్లు నిన్న సాయంత్రం బాగా పనిచేసి ఈ ఉదయం కనిపించకుండా పోతుంది. చవకవాటిలో ఇది ఇంకా ఎక్కువ. నాన్నగారి పేజీలు పాత డిస్క్‌లో ఒకటి, ఎస్‌ఎస్‌డిలో ఒకటి, బయట పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇలా మూడు చోట్ల ఉండేలా ప్రతి సంచిక ముద్రణకు వెళ్లిన రోజున కాపీ చేయడం అలవాటు చేయండి. ఆ పని అమ్మాయికి అప్పగించండి, వాళ్లు మరచిపోరు.

ఇప్పటికి ఏదీ కొనకండి. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కరు మీద పూర్తి మోడల్ నంబరు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెర ఫోటో, డీవీడీ డ్రైవు మందం, ఈ మూడూ ఇక్కడ పెట్టండి. సీరియల్ నంబరు కనిపించకుండా వేలు అడ్డు పెట్టి ఫోటో తీయండి. 197వ వరుస చూసి, ఆ డిస్క్‌ను కేడీలో పెట్టవచ్చో, నేరుగా బీరువాలో దాచవలసిందో చెబుతాను.